అప్‌డేట్: తమ్ముడి ఫోన్‌లో యాప్ పెట్టాలా అని అడిగాను కదా

పర్లాకిమిడి నుంచి రాశాను, గుర్తుందా? ప్లస్ టూ చదివే తమ్ముడు ‘బతకాలని లేదు’ అంటున్నాడు, మానసిక ఆరోగ్యం యాప్ పెడితే సరిపోతుందా అని.

సరిపోదట. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాం. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. తర్వాత బరంపురంలో సైకియాట్రిస్టుకి చూపించాం. యాప్ తోడే గానీ వైద్యం కాదన్నారావిడ.

మూడ్ అడిగే యాప్‌ని వాడు నాలుగో రోజే తీసేశాడు (రోజూ ఇంగ్లిష్‌లో ‘ఎలా ఉన్నావ్’ అంటే నాకూ విసుగే). పనికొచ్చింది సేఫ్టీ ప్లాన్: దిగులు ముదిరే గుర్తులు, అప్పుడు చేయాల్సిన పనులు, పిలవాల్సిన మనుషులు. ఒడియా మీడియం వాడు, తప్పులతోనే తెలుగులో టైప్ చేసుకున్నాడు. ‘మహేంద్రతనయ ఒడ్డున నడక’. కింద ‘అక్క, ఎన్నింటికైనా’.

మొన్న రాత్రి ఒంటిగంటకి నా ఫోన్ మోగింది. పక్కగదిలోంచే. లేచి టీ పెట్టాను.