స్వేడ్ గొర్రెతోలు బూట్ల మీద నీటి గీత, నూనె మరక: ఇంట్లో శుభ్రం చేయడం ఎలా?

నమస్కారం. లోపల ఉన్ని, బయట స్వేడ్ (పైన మెత్తని నూగు ఉండే తోలు) ఉన్న నా గొర్రెతోలు బూట్లు ఇటీవల వానలో తడిశాయి. అప్పుడు తొందరపడి కుడి బూటు ముందుభాగాన్ని మాత్రమే తడిగుడ్డతో గట్టిగా రుద్దాను. ఆరిన తరువాత చూస్తే, రుద్దిన మేర అంచు వెంబడి ముదురు గోధుమరంగు గీత కట్టింది. దాని లోపల నూగు అణగిపోయి, వేలితో తడిమితే అట్టముక్కలా తగులుతోంది. ఎడమ బూటు మడమ దగ్గర గోరంత నూనె మరక కూడా ఉంది. దానిపై మొక్కజొన్న పిండి చల్లి రాత్రంతా ఉంచితే సగం పీల్చుకుంది.

తడి ఒకచోటే తగలడం వల్ల గీత కడుతుంది కనుక, బూటు పైభాగమంతా స్పాంజితో సమంగా తేమచేసి, ఆకారం చెడకుండా లోపల కాగితాలు కుక్కి, నీడలో ఆరనిచ్చి, పూర్తిగా ఆరాకే స్వేడ్ బ్రష్‌తో నూగు లేపాలన్నది నాకు అర్థమైన పద్ధతి. వేడి మాత్రం తగలనివ్వను. ఇదివరకు ఒక జతను హీటరు పక్కన ఆరబెడితే తోలు ముడుచుకుని బిరుసెక్కింది.

ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి చెప్పండి. తేమచేసే నీటిలో కొద్దిగా తెల్ల వెనిగర్ కలపడం మేలా, లేక స్వేడ్ షాంపూయే వాడాలా? నూనె మరక పూర్తిగా పోయేవరకు తడపకుండా ఆగాలా? అట్టకట్టిన నూగు బ్రష్‌కు లేవకపోతే, స్వేడ్ రబ్బరుతో రుద్దవచ్చా? ఇవి నాకు ఎంతో ఇష్టమైన బూట్లు. మరోసారి తొందరపడి పాడుచేసుకోదలచుకోలేదు.