వేలు అక్కడే ఉంది, నరం మాత్రం పక్కకు జరిగింది. ఎందుకు?

హన్మకొండ ల్యాబ్ అక్క

పదకొండేళ్లుగా ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తం తీసే పని చేస్తున్నా. పొద్దున ఆరున్నరకు షట్టర్ లేపేసరికే పరగడుపు షుగర్ వాళ్లు మెట్ల మీద వరుసగా కూర్చుని ఉంటారు. తొమ్మిదిలోపు ముప్పై, నలభై మంది చేతులు పట్టుకుంటా. కాబట్టి నరాలు వెతకడంలో నాకు కొంచెం పొగరే. (పుస్తకంలో సిర అని రాస్తారు. మా బల్ల దగ్గర అందరికీ నరమే.)

ఆ పొగరు మొన్న మంగళవారం దిగిపోయింది. పరకాల వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది, డెబ్బై దాటి ఉంటాయి. చేతి మీద నీలం గీతలు బోలెడు. అవి చూసి మోసపోకూడదు, పైపైన ఉండే సన్నవి. బెల్ట్ కట్టి మోచేతి మడతలో చూపుడు వేలితో నొక్కి చూశా. దొరికింది. లోతుగా ఉంది, నొక్కి వదిలితే స్పాంజిలా లేచి వేలిని తాకుతోంది. సరిగ్గా అప్పుడే అవ్వ కొడుకు మొదలుపెట్టాడు. "మేడం, రిపోర్టు ఎన్నింటికి వస్తది? వాట్సాప్‌ల పెడతరా? బస్సు పోతది మాకు..." జవాబు చెబుతూనే ఉన్నా. వేలు అక్కడి నుంచి కదల్లేదు, ఆ మాట ఒట్టేసి చెప్పగలను. తర్వాత వేలు తీసి, స్పిరిట్ దూదితో తుడిచి సూది పెడితే చుక్క రాలేదు. తీసేసి మళ్లీ తడిమితే నరం నేననుకున్న చోటుకు దాదాపు అర సెంటీమీటరు లోపలి వైపు ఉంది.

అవ్వ ఏమీ అనలేదు. "కానీ బిడ్డా, ఇంకోపాలి గుచ్చు" అంది. తిట్టినా ఇంత బాధపడకపోదును.

రెండోసారి కొడుకును బయట కూర్చోమని, కళ్లు మూసుకుని వెతికా. ఒక్క పోటుకే వచ్చింది.

ఇది నా భ్రమా? వేలు కదలకపోయినా ధ్యాస పక్కకు పోతే, తాకిన చోటు కూడా పక్కకు జరిగినట్టు తెలుస్తుందా? కళ్లు మూసుకుంటే స్పర్శ పెరుగుతుందనేది నిజమేనా, లేక మనం చెప్పుకునే మాటేనా? తెలిసినవాళ్లు చెప్పండి. "నీకు వయసొస్తోంది" అని మాత్రం చెప్పకండి, ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నా.

పాత కాంపౌండర్

చెల్లె, మనసు దాకా ఎందుకు పోతున్నవ్? ముసలివాళ్ల నరం జారుతుంది. చర్మం వదులు, కింద కొవ్వు ఉండదు, నరానికి పట్టు ఉండదు. సూది మొన తగలగానే పక్కకు తప్పుకుంటుంది. ఎడమ బొటనవేలితో కింది నుంచి చర్మాన్ని లాగి పట్టుకున్నవా లేదా? ఇంకొకటి. కొడుకు మాట్లాడుతుంటే అవ్వ అటు తిరిగి ఉంటుంది. మోచెయ్యి కొంచెం తిరిగినా పైన చర్మం ఒక చోట, కింద నరం ఇంకో చోట అవుతాయి. బెల్ట్ కట్టి నిమిషం దాటిందా? దాటితే విప్పి మళ్లీ కట్టాల్సింది. ముందు ఇవి చూసుకో, మనస్తత్వ శాస్త్రం తర్వాత.

హన్మకొండ ల్యాబ్ అక్క

అన్నా, బొటనవేలు మొదటిసారి పెట్టలేదు, నిజమే ఒప్పుకుంటున్నా. కానీ పెట్టకపోవడానికి కారణం కూడా ఆ మాటలే కదా!

ఫిజియాలజీ సార్, వరంగల్

కాంపౌండర్ గారు చెప్పింది తీసెయ్యలేం. సగం తప్పు అక్కడే ఉండి ఉంటుంది. మిగతా సగం గురించి నాకు తెలిసింది చెబుతా.

మీ వేలిని అనుమానించకండి. 1834లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వెబర్ అనే శరీరశాస్త్రవేత్త కంపాస్ రెండు మొనలను చర్మం మీద ఆనించి, ఎంత దూరం ఉంటే అవి రెండుగా తెలుస్తాయో కొలిచాడు. వేలి కొసన రెండు మిల్లీమీటర్ల దూరం చాలు. ముంజేతి మీద నాలుగు సెంటీమీటర్ల దగ్గర దాకా కావాలి. అంటే గుచ్చింది ఎక్కడో అవ్వ చేతికి సరిగ్గా తెలియకపోవచ్చు గానీ మీ వేలికి తెలుస్తుంది. అర సెంటీమీటరు పొరపాటు చర్మం చేసింది కాదు, ఆ తర్వాత ఎక్కడో జరిగింది.

1993లో అమెరికాలో షావ్, ఆయన సహచరులు కోతుల మీద చేసిన పరీక్ష ఒకటి ఉంది, అది మీ కథకు బాగా దగ్గర. కోతి వేలి కింద ఉబ్బెత్తు అక్షరాలు తిరుగుతుంటాయి. ఒకసారి అది ఆ అక్షరాలనే గమనించాలి. ఇంకోసారి అక్షరాలు అలాగే తిరుగుతుంటాయి గానీ కోతి కంటితో చేసే వేరే పనిలో ఉండాలి. వేలు అదే, అక్షరాలు అవే. అయినా ధ్యాస మారగానే మెదడులో స్పర్శను అందుకునే ప్రాంతాల్లో స్పందన మారింది. స్పర్శ సమాచారం మొదట చేరే ప్రాంతంలో కన్నా దాని తర్వాతి ప్రాంతంలో ఈ తేడా ఎక్కువ. మీరు వాట్సాప్ సంగతి చెబుతున్నప్పుడు వేలు అక్కడే ఉంది, నిజమే. కానీ అది పంపుతున్నదాన్ని అందుకునేవాళ్లు మరో కౌంటర్‌కు వెళ్లిపోయారు.

చోటు కూడా జరుగుతుందా అన్నారు. జరగగలదు. 1972లో గెల్డార్డ్, షెరిక్ ఒక విచిత్రం చూపించారు. మణికట్టు దగ్గర కొన్ని చిన్న తట్లు, వెంటనే మోచేతి దగ్గర కొన్ని చకచకా వేస్తే, మధ్యలో ఎవరూ ముట్టుకోని చోట కూడా కుందేలు గెంతుకుంటూ పోయినట్టు తెలుస్తుంది. మెదడు చోటును ఊహించి కూడా పూరిస్తుందన్నమాట. ఆ తర్వాతి పరీక్షల్లో, ధ్యాస ఎటువైపు పెట్టమంటే తట్టు అటువైపుకు జరిగినట్టు తెలిసింది.

కళ్లు మూసుకోవడం దగ్గర మాత్రం వ్యవహారం అడ్డం తిరుగుతుంది. 2001లో లండన్‌లో చేసిన పరీక్షలో, మొనలు తాకే సమయానికి దీపం ఆర్పేసినా, అంతకుముందు తమ ముంజేతినే చూస్తున్నవాళ్లు వేరే వస్తువును చూసినవాళ్ల కన్నా మొనలను బాగా విడదీసి చెప్పారు. అంటే చూపు స్పర్శకు సాయం చేసింది! మరి మీకు మూసుకుంటే ఎందుకు దొరికింది? నా ఊహ ఇది. అవ్వ చేతి మీద ఆ నీలం గీతలు ఉన్నాయి కదా. కన్ను, చెయ్యి రెండు మాటలు చెబితే కన్నే గెలవడం మామూలు. 1964లో రాక్, విక్టర్ అనేవాళ్లు చతురస్రాన్ని దీర్ఘచతురస్రంగా చూపించే కటకం ఇచ్చి, అదే వస్తువును చేత్తో తడమమన్నారు. చాలామందికి చేతికి కూడా చూసినట్టే తెలిసింది. మీరు కళ్లు మూసుకుని వేలికి కొత్త బలం ఇవ్వలేదు, తప్పు చెబుతున్న సాక్షిని బయటికి పంపారు. కొడుకును పంపినట్టే.

అన్నట్టు, వేలు తీశాక దూది తుడిచి, అది ఆరే వరకు ఆగి సూది పెడతారు కదా. ఆ కాసేపు నరం చోటును మోసేది వేలు కాదు, జ్ఞాపకం. మాటలు పడితే ముందు పోయేది అదే.

కాజీపేట ఆరు చుక్కలు

స్క్రీన్ రీడర్‌లో థ్రెడ్ మొత్తం విన్నా. నాకు పుట్టుకతోనే చూపు లేదు. స్కూల్లో సోషల్ చెబుతా.

కళ్లు మూసుకుంటే చెయ్యి చురుకవుతుందనేది చూపున్నవాళ్ల ముచ్చట. మావి మూసే ఉన్నాయి, అయినా నాకూ తప్పిపోతుంది. బ్రెయిలీలో చుక్కకు చుక్కకు మధ్య రెండున్నర మిల్లీమీటర్లే. వేలికి అది చాలు, సార్ చెప్పినట్టే. కానీ నేను చదువుతుంటే మా ఆవిడ "పాలవాడికి ఎంత ఇవ్వాలి?" అంటే చాలు. వేలు వరుస చివరి దాకా పోతుంది, చుక్కలన్నీ తగులుతాయి, ఒక్క అక్షరమూ లోపలికి రాదు. అంతకన్నా చికాకు, ఏ వరుసలో ఉన్నానో కూడా పోతుంది. అందుకే ఎడమ వేలిని వరుస మొదట్లో కాపలా పెడతా. అక్కా, మీరూ ఒక కాపలా పెట్టుకోండి. పుట్టుమచ్చో, మడతో, ఏదో ఒకటి.

సార్‌కు ఒక ప్రశ్న. చేతులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పెట్టుకుంటే, ఏ చెయ్యి ముందు తాకారో తికమక అవుతుందని ఎక్కడో విన్నా. మా అల్లుడు పెన్సిళ్లతో నన్ను ఎంత పరీక్షించినా నేను తప్పలేదు. వాడు మాత్రం బాగా తప్పాడు. నాలో ఏమైనా తేడానా?

ఫిజియాలజీ సార్, వరంగల్

తేడా మీలో కాదు, మాలో ఉంది. 2004లో రోడర్, ఆమె సహచరులు సరిగ్గా ఇదే చూశారు. పుట్టుకతో చూపు లేనివాళ్లు చేతులు అడ్డం పెట్టుకున్నా తికమకపడలేదు. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లు మాత్రం చూపున్నవాళ్లలాగే పడ్డారు. మేము తాకిడిని బయటి కుడి, ఎడమలతో ముడిపెట్టడం చిన్నప్పుడు చూపుతో అలవాటు చేసుకున్నాం. చెయ్యి అటు పోతే ముడి తిరగబడుతుంది. మీకు ఆ ముడి అంత గట్టిగా లేదు.

కొత్తవాడ పోగు

మా నాయిన జంపఖానాలు నేసేవాడు. పడుగులో తెగిన పోగును చూడకుండా వేలితో పట్టేవాడు. మగ్గం మీద ఉన్నప్పుడు అమ్మ కూడా పిలిచేది కాదు. ఒకసారి నేను పిలిచిన. ఏం విసిరిండో చెప్పను.

హన్మకొండ ల్యాబ్ అక్క

అందరికీ థాంక్స్. ఆదివారం మా పాప జామెట్రీ బాక్సులోని డివైడర్ మొనలకు టేపు చుట్టి, దాని ముంజేతి మీదే పరీక్ష పెట్టా. ఊరికే కూర్చున్నప్పుడు మూడున్నర సెంటీమీటర్లకు "రెండు" అంది. పదిహేడో ఎక్కం చెబుతూ ఉండమంటే నాలుగుకు కూడా "ఒకటే" అంది. వేలి కొసన మాత్రం ఎక్కం ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు. ఒక్క పిల్లతో చేసినది లెక్కలోకి రాదని తెలుసు సార్, అదీగాక పదిహేడో ఎక్కం దానికి సరిగ్గా రాదు.

పనిలో రెండు మార్చుకున్నా. బొటనవేలు తప్పకుండా పెడుతున్నా. నరం దొరకగానే పక్కనున్న మచ్చో గీతో గుర్తు పెట్టుకుని, అప్పుడే దూది తీస్తున్నా. "గుచ్చేటప్పుడు మాట్లాడించవద్దు" అని గోడకు కాగితం కూడా అంటించా. పేషెంట్లు భయపడుతున్నారని మా ఓనర్ మధ్యాహ్నానికల్లా పీకేశారు.

శుక్రవారం అవ్వ మళ్లీ వచ్చింది. కొడుకు తలుపు దగ్గరే ఆగి "నేను మాట్లాడ మేడం" అన్నాడు. నిజంగానే నోరు విప్పలేదు. నేను వేలు పెట్టగానే అవ్వే అందుకుంది, ఈసారి పత్తి ఏం ధర పలుకుతుందో, పెద్ద కోడలు ఏమన్నదో. ఆమెను బయటికి పంపలేను కదా.