రెవిట్ డోర్ షెడ్యూల్‌లో గడప కాలమ్ ఎలా తెప్పించాలి?

మణికొండ జూనియర్:
అందరికీ నమస్తే. నార్సింగిలో ఒక విల్లా డ్రాయింగ్స్ రెవిట్‌లో (బిల్డింగ్‌ని 3డీ మోడల్‌గా గీసే సాఫ్ట్‌వేర్) చేస్తున్నాను. వడ్రంగి టింబర్ డిపోకి వెళ్లేలోపు చౌకట్లకు టేకు ఎన్ని సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు) కావాలో డోర్ షెడ్యూల్ (మోడల్‌లోని తలుపుల పట్టిక) నుంచే తీసి ఇమ్మన్నారు మా సార్. మెయిన్ డోర్‌కీ పూజగదికీ గడప ఉంటుంది, బెడ్‌రూములకు వద్దన్నారు. అందుకని డోర్ ఫ్యామిలీ (తలుపు నమూనా ఫైల్) తెరిచి 'గడప' అని ఎస్/నో పారామీటర్ (టిక్ పెట్టే గడి) పెట్టాను. టైప్ ప్రాపర్టీస్‌లో కనిపిస్తోంది కానీ షెడ్యూల్ ఫీల్డ్స్‌లో ఎంత వెతికినా లేదు. పైగా పూజగది తలుపుకి టిక్ పెడితే అదే సైజు బెడ్‌రూమ్ తలుపులన్నిటికీ పడుతోంది.

ఇది చాలదన్నట్టు ఓనర్‌గారి మామగారు వాస్తు ప్రకారం తలుపులు, కిటికీలు కలిపి సరిసంఖ్య రావాలి, చివర సున్నా ఉండకూడదు అంటున్నారు. ప్లాన్ మారినప్పుడల్లా చేత్తో లెక్కపెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

ప్లాన్‌బాయ్:
ఇరవై తలుపుల కోసం ఇంత కష్టమెందుకు బ్రో, ఎక్సెల్‌లో కొట్టేయ్.

పాత డ్రాఫ్ట్స్‌మన్:
ఎక్సెల్ ఈ రోజుకి సరిపోతుంది. ఎల్లుండి ఓనర్ ఒక బాత్రూమ్ తలుపు జరపమంటాడు, అప్పుడు ఎక్సెల్‌కి ఎవరు చెప్తారు?

తమ్ముడూ, ఫ్యామిలీ లోపల పుట్టించిన మామూలు పారామీటర్ షెడ్యూల్‌కి కనపడదు. ప్రాజెక్ట్ పారామీటర్ షెడ్యూల్‌లోకి వస్తుంది, డ్రాయింగ్‌లో తలుపు పక్కన వేసే ట్యాగ్‌లోకి రాదు. రెండింట్లోకీ రావాలంటే షేర్డ్ పారామీటరే. మేనేజ్ ట్యాబ్‌లో షేర్డ్ పారామీటర్స్ తెరిచి 'గడప' చేసుకో. తర్వాత ప్రాజెక్ట్ పారామీటర్స్‌లో యాడ్ కొట్టి, షేర్డ్ ఎంచుకుని, డోర్స్ కేటగిరీకి తగిలించు. డౌన్‌లోడ్ చేసిన ఫ్యామిలీలు ఎన్ని రకాలున్నా అన్ని తలుపులకూ ఒకేసారి వచ్చేస్తుంది. నీ ఫ్యామిలీలో ఇంతకుముందు పెట్టిన 'గడప' తీసెయ్, లేదంటే ఒకే పేరుతో రెండు కనిపించి నువ్వే తికమకపడతావు. గడప చెక్క మోడల్‌లో కూడా కనిపించాలంటేనే ఫ్యామిలీ లోపలికి వెళ్లి, అక్కడ ఇదే షేర్డ్ పారామీటర్‌ని ఎంచుకోవాలి.

అక్కడే టైప్ (ఆ రకం తలుపులన్నిటికీ ఒకే విలువ), ఇన్‌స్టాన్స్ (ఒక్కో తలుపుకి విడిగా) అని అడుగుతుంది. ఇన్‌స్టాన్స్ పెట్టు. 3 బై 7 అడుగుల తలుపు పూజగదికీ ఉంది, బెడ్‌రూమ్‌కీ ఉంది, గడప మాత్రం ఒకదానికే. అందుకే అది ఏ తలుపుకి ఆ తలుపు సొంతం. చౌకట్టు చెక్క సైజు మాత్రం టైప్‌లో పెట్టు, డీ1 రకం తలుపులంటే అన్నీ ఒకటే కదా. ఆ సైజుని '5x3' అని టెక్స్ట్‌గా రాయకు, టెక్స్ట్‌తో లెక్క చేయలేం. వెడల్పు, మందం అని రెండు లెంగ్త్ పారామీటర్లు చెయ్.

షెడ్యూల్‌లో క్యాలిక్యులేటెడ్ వాల్యూ పెట్టి, దాని రకంగా వాల్యూమ్ ఎంచుకుని ఇది రాయి:

ఇఫ్(గడప, 2 × (విడ్త్ + హైట్), విడ్త్ + 2 × హైట్) × వెడల్పు × మందం

ఇందులో విడ్త్, హైట్ తలుపువి; వెడల్పు, మందం చెక్కవి. మెయిన్ డోర్ 3 అడుగుల 6 అంగుళాలు బై 7 అడుగులు, చెక్క 5 బై 4 అంగుళాలు అనుకో. నాలుగు పక్కలా 21 అడుగులు, అంటే 2.92 సీఎఫ్‌టీ. 3 బై 7 బెడ్‌రూమ్ తలుపుకి 5 బై 3 చెక్క, గడప లేకుండా 17 అడుగులు, 1.77. అదే సైజు పూజగదికి గడపతో 2.08. ఒక్క టిక్‌కి 0.31 సీఎఫ్‌టీ తేడా. టేకు ధర తెలిసినవాడు ఆ కాలమ్‌ని తేలిగ్గా తీసుకోడు. ఫార్మాటింగ్‌లో క్యాలిక్యులేట్ టోటల్స్, సార్టింగ్‌లో గ్రాండ్ టోటల్స్ పెడితే కింద మొత్తం వస్తుంది. కోత నష్టం ఎంత కలపాలో వడ్రంగినే అడుగు, అది సాఫ్ట్‌వేర్ పని కాదు.

ఒక చిక్కుంది. కొన్ని ఫ్యామిలీల్లో విడ్త్ అంటే తలుపు రెక్క కొలత, మన వడ్రంగి చెప్పేదేమో చౌకట్టు బయటి కొలత. మోడల్‌లో ఒకసారి డైమెన్షన్ పెట్టి చూసుకో.

మణికొండ జూనియర్:
అన్నా, కాలమ్ వచ్చింది! కానీ కొన్ని తలుపులకు గడప దగ్గర ఖాళీగా ఉంది. అవునూ లేదు, కాదూ లేదు.

పాత డ్రాఫ్ట్స్‌మన్:
ప్రాపర్టీస్‌లో చూడు, ఆ టిక్ బూడిద రంగులో ఉంటుంది. ఇంకా ఎవరూ తేల్చలేదని అర్థం. తలుపులన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి 'లేదు' చేసి, తర్వాత మెయిన్ డోర్‌కీ పూజగదికీ విడిగా టిక్ పెట్టు.

బిమ్ అక్క, గచ్చిబౌలి:
రెండు మాటలు కలుపుతాను. షేర్డ్ పారామీటర్లు సేవ్ అయ్యే టెక్స్ట్ ఫైల్ ఆఫీసు మొత్తానికి సర్వర్‌లో ఒక్కటే ఉండాలి. పక్క సీటువాళ్లు వాళ్ల ఫైల్‌లో ఇంకో 'గడప' చేస్తే పేరు ఒకటే అయినా రెవిట్‌కి అది వేరే పారామీటర్. షెడ్యూల్‌లో రెండు గడప కాలమ్‌లు వస్తాయి, ఒక దాంట్లో సగం, ఇంకో దాంట్లో సగం.

ఇంకోటి, షెడ్యూల్‌లో అక్కర్లేని వరస ఉందని డిలీట్ కొట్టకండి. మోడల్‌లో ఆ తలుపే పోతుంది. దాచాలంటే ఫిల్టర్ ఉంది.

వాస్తు లెక్కకి మల్టీ కేటగిరీ షెడ్యూల్ వాడండి. 'వాస్తు లెక్క' అని ఎస్/నో షేర్డ్ పారామీటర్ ఒకటి చేసి డోర్స్, విండోస్ రెండింటికీ ఇచ్చి, దానిమీద ఫిల్టర్ పెట్టండి. గ్రాండ్ టోటల్ పక్కన కౌంట్ వచ్చేస్తుంది.

మణికొండ జూనియర్:
థాంక్స్ అక్కా. వెంటిలేటర్లు లెక్కలోకి వస్తాయా? బాల్కనీ యూపీవీసీ స్లైడింగ్‌ని విండో ఫ్యామిలీతో పెట్టాం, అది తలుపా కిటికీనా?

బిమ్ అక్క, గచ్చిబౌలి:
మొత్తం కలిపి లెక్కేస్తున్నప్పుడు స్లైడింగ్ ఏ కేటగిరీలో ఉన్నా నష్టం లేదు. తలుపులు వేరుగా, కిటికీలు వేరుగా చెప్పమంటేనే దాన్ని డోర్ ఫ్యామిలీతో మార్చాలి. వెంటిలేటర్ల సంగతి ఒక్కో సిద్ధాంతి ఒక్కోలా చెప్తారు. మామగారినే అడిగి టిక్ పెట్టండి, ఎందుకైనా మంచిది, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి.