ఇల్లు దాటని పిల్లికి కూడా ఏటేటా టీకాలు వేయించాలా?

వేదాయపాళెం_వరండా

నెల్లూరు, రెండో అంతస్తు ఫ్లాటు. ఇంట్లో రెండు పిల్లులు. పెద్దదానికి నాలుగేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. బాల్కనీకి వల కొట్టించాం, గడప దాటదు. చిన్నప్పుడు త్రీ ఇన్ వన్ రెండు డోసులు, రేబిస్ ఒకటి పడినట్టు కార్డులో ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. రెండోది పది వారాల కూన, దానికి ఇంకా ఒక్క టీకా కూడా పడలేదు.

క్లినిక్‌లో రెండు టీకాలూ ఏటా వేయించాలంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో బయటికే పోని పిల్లికి సూదులేంది, గమ్మున ఉండమంటున్నారు. ఎవరి మాట నిజం? పెద్దదానికి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలా? సంక్రాంతికి ఊరెళ్తే రెండింటినీ బోర్డింగ్‌లో వదలాల్సి రావచ్చు, అది కూడా చూసుకుని చెప్పండి.

కావలి_పశువైద్యం

అమ్మా, ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ముందు రెండు టీకాలనీ విడదీసి చూడండి. రెండింటి లెక్క ఒకటి కాదు.

త్రీ ఇన్ వన్‌లో ఉండేవి మూడు: పాన్‌ల్యుకోపీనియా, హెర్పిస్, కాలిసి. ఇంట్లోనే ఉండే పిల్లికి మొదట భయపడాల్సింది పాన్‌ల్యుకోపీనియాకే. ఇది కుక్కలకి వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్‌కి దగ్గరి చుట్టం. గదిలో పడి ఉన్న వైరస్ ఏడాది దాకా బతకగలదు. రోగమున్న పిల్లి ఎదురుపడనక్కర్లేదు. మెట్ల కింద వీధిపిల్లి విరేచనం మీద పడిన మీ చెప్పు చాలు, వాచ్‌మన్ చీపురు చాలు. ‘బయటికి పోదు కదా’ అనే వాదన ఈ ఒక్క రోగం దగ్గర అస్సలు నిలబడదు. టీకా లేని కూనకి తగిలితే జ్వరం, వాంతులు, విరేచనాలు మొదలై, తెల్ల రక్తకణాలు పడిపోయి, రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

హెర్పిస్, కాలిసి జలుబు జాతివి. తుమ్ములు, కళ్లలో పుసి, కాలిసి అయితే నోట్లో పుళ్లు. వీటికి టీకా వేసినా రోగం రాకుండా పూర్తిగా ఆపదు, తీవ్రత తగ్గిస్తుంది. హెర్పిస్ ఒకసారి ఒంట్లో చేరితే పోదు. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, బోర్డింగ్‌లో వదిలినా ఆ ఒత్తిడికి మళ్లీ బయటపడుతుంది. పైకి బాగున్న మీ పెద్దపిల్లే కూనకి అంటించే వీలుంది. కాబట్టి కూనని కనీసం రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలు, వేరే ఇసుక ట్రేతో ఉంచండి.

ఇక షెడ్యూలు. కూనకి ఇప్పుడే, అంటే పదో వారంలో ఒకటి, పదమూడో వారంలో ఒకటి, పదహారు నిండాక ఒకటి. మూడోది చాలామంది ఎగరగొడతారు, అసలు చిక్కంతా అక్కడే. తల్లిపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు, అంటే రోగాన్ని అడ్డుకునే కణికలు, కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకాని పట్టనివ్వవు. అవి ఒక కూనలో ఎనిమిదో వారానికే తగ్గిపోతాయి, ఇంకో కూనలో పదహారు దాకా ఉంటాయి. బయటినుంచి చూసి చెప్పలేం. అందుకే చివరి డోసు పదహారు వారాలు నిండాకే పడాలి. ప్రపంచ చిన్నజంతు వైద్యుల సంఘం 2024 మార్గదర్శకాలు దీని తర్వాత ఇరవై ఆరో వారంలో ఇంకోటి వేయమంటున్నాయి. అప్పటిదాకా పట్టని కూన ఏదైనా ఉంటే దానికి అది రక్ష. పూర్వం దీన్ని ఏడాదికి వేసేవాళ్లు.

రేబిస్ పన్నెండు వారాలు నిండాక ఒకటి, సరిగ్గా ఏడాదికి ఇంకోటి.

పెద్దదానికి మొదటినుంచి అక్కర్లేదు. త్రీ ఇన్ వన్ ఒక డోసు, రేబిస్ ఒక డోసు వేయించి, వచ్చే ఏడు మళ్లీ రేబిస్ వేయించండి.

లాయరుపేట_ఒంగోలు

డాక్టరు గారూ, ఏటా వేయించాలా అన్నదానికి సూటిగా చెప్పలేదు మీరు. త్రీ ఇన్ వన్ మూడేళ్లకోసారి చాలని కొందరంటారు. డబ్బా లోపలి కాగితంలో ‘ఏడాదికోసారి’ అని అచ్చు వేసి ఉంటే మూడేళ్లు ఆగొచ్చని ఎట్టా చెప్తాం? ఇంకో మాట: కొన్ని చోట్ల పిల్లుల మందు లేదని కుక్కల నైన్ ఇన్ వన్ పొడిచేస్తున్నారు. అది పిల్లికి పనికిరాదు. డబ్బా మీద ‘క్యాట్స్’ అని చూసుకున్నాకే వేయించుకోండి. రేబిస్ మాత్రం కుక్కకీ పిల్లికీ ఒకే మందు, అందులో అనుమానం లేదు.

కావలి_పశువైద్యం

అచ్చులో ఉన్నది నిజమే సార్, కానీ మొత్తం చదవాలి. ఉదాహరణకి నోబివాక్ ట్రైక్యాట్ ట్రియో అనే త్రీ ఇన్ వన్ టీకా కాగితంలో హెర్పిస్, కాలిసికి ఏడాది, పాన్‌ల్యుకోపీనియాకి మూడేళ్లు అని విడివిడిగా ఉంటుంది. మూడూ ఒకే సీసాలో ఉన్నాయి కాబట్టి తక్కువ గడువుని పట్టుకుని క్లినిక్‌లో ఏటా రమ్మంటారు. ఇందులో మోసమేమీ లేదు.

అయితే కూన దశ డోసులు పూర్తయి, బయటికి పోకుండా, కొత్త పిల్లులతో కలవకుండా ఉన్న పెద్దపిల్లికి త్రీ ఇన్ వన్ మూడేళ్లకోసారి చాలని మార్గదర్శకాలు చెప్తున్నాయి. బోర్డింగ్‌లో వదిలేది, నాలుగైదు పిల్లులున్న ఇంట్లోది, వీధికూనల్ని తెచ్చి సాకే ఇంట్లోది అయితే ఏటా వేయాలి. బోర్డింగ్ పిల్లికి ఆ డోసు వదలడానికి వారం పది రోజుల ముందే పడాలి. ముందురోజు వేయించి కార్డు చూపిస్తే బోర్డింగ్ వాళ్లు ఒప్పుకుంటారేమో గాని, వైరస్ ఒప్పుకోదు.

వేదాయపాళెం అమ్మకి నా సలహా: సంక్రాంతికి ఇంటికే ఎవరైనా వచ్చి మేత పెట్టి పోయే వీలుంటే బోర్డింగ్ మానుకోండి. అప్పుడు పెద్దదానికి మూడేళ్ల లెక్క సరిపోతుంది. కూన మాత్రం పదహారో వారం డోసు పడి పది రోజులయ్యేదాకా ఏ బోర్డింగ్‌కీ పోకూడదు.

రేబిస్‌కి ఈ సడలింపు లేదు. మన దగ్గర ఏటా వేయడమే వాడుక. మూడేళ్ల గడువు ముద్రించి ఉన్న మందు దొరికితే మీ డాక్టరుతో మాట్లాడుకోండి.

కందుకూరు_మూడుపిల్లులు

రేబిస్ గురించి ఒక మాట కలుపుతా. పిల్లికి టీకా పడింది కదా అని మనుషులు తమ టీకా మానుకోకూడదు. పిల్లి గీరి నెత్తురు చిమ్మినా, కరిచినా ముందు పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగండి, పదిహేను నిమిషాలంటే మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ సేపు. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏవీ పెట్టొద్దు. ఆ తర్వాత ప్రభుత్వాసుపత్రికి వెళ్తే డాక్టరే గాయం చూసి చెప్తారు. మొదటి సూది పడే రోజుని 0గా లెక్కపెడితే, చర్మానికి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులు. కండకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28. నెత్తురొచ్చిన గాయమైతే దీంతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల మందు) కూడా వేయాలి. పిల్లిని పది రోజులు ఇంట్లోనే కట్టడిచేసి కనిపెట్టాలి, తరిమేస్తే ఏ సంగతీ తెలియదు.

ఖర్చు తగ్గించుకోవాలంటే జూలై 6 జూనోసిస్ దినం (జంతువులనుంచి మనుషులకి సోకే రోగాల దినం) రోజు పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. కుక్కలకే అనుకుని పిల్లులోళ్లు ఎవరూ రారు. ముందురోజు ఫోన్ చేసి కనుక్కుని పోండి, క్యూలో కుక్కలుంటాయి కాబట్టి బుట్ట మీద గుడ్డ కప్పాలి. త్రీ ఇన్ వన్ మాత్రం ఎక్కువగా ప్రైవేటు క్లినిక్‌లోనే దొరుకుతుంది.

వేదాయపాళెం_వరండా

అందరికీ థ్యాంక్స్. ఇంకో రెండు. మా దగ్గర క్లినిక్‌లో ఆ రోజు స్టాకు లేదు, మందుల షాపులో కొనుక్కురమ్మన్నారు. తేవచ్చా? టీకా వేసినచోట గడ్డ వచ్చి క్యాన్సర్ అవుతుందని చదివాను, అది నిజమేనా?

లాయరుపేట_ఒంగోలు

మందు తేవడం గురించి నేను చెప్తా. టీకా షాపునుంచి సూది దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మన ఊళ్లలో మే నెల ఎండకి స్కూటర్ డిక్కీలో పదిహేను నిమిషాలున్నా చాలు, లోపల ఉన్నది పేరుకే టీకా. అలాగని ఐసు మీద నేరుగా పెట్టినా చెడుతుంది. రేబిస్ టీకా గడ్డకడితే మళ్లీ కరిగించినా పనిచేయదు. థర్మాకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్, దాని మీద మడిచిన టవల్, టవల్ మీద టీకా.

కొనేటప్పుడు షాపువాడు ఎక్కడినుంచి తీస్తున్నాడో చూడండి. కూల్ డ్రింకుల మధ్యనుంచో, ఫ్రిజ్ తలుపు అరలోనుంచో తీస్తే వద్దని చెప్పి వచ్చేయండి. తుపాను రోజుల్లో కరెంటు పోయి వచ్చిన మరుసటి వారం అయితే జనరేటర్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. త్రీ ఇన్ వన్ సీసాలో తెల్లటి పొడి బిళ్ల ఉంటుంది, పక్కన నీళ్ల సీసా వేరు. బిళ్ల ముడుచుకుపోయి, కరిగినట్టు అడుగున అంటుకుని ఉంటే తీసుకోకండి. కలిపాక అరగంటలోపే వేయాలి, కాబట్టి మీ ముందే కలపమనండి. సీసా మొత్తం ఒకే పిల్లికి. కూన చిన్నది కదా అని సగం, పెద్దదానికి సగం అని పంచితే రెండింటికీ చాలదు. బరువుని బట్టి కొలిచే మందు కాదు ఇది.

సీసా మీది స్టిక్కర్ ఊడదీసి కార్డులో అంటించుకోండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ రెండూ అందులో ఉంటాయి. ఉత్త సంతకం, ముద్ర ఉన్న కార్డుతో రేపు ఏమీ తేలదు.

నిజానికి నన్నడిగితే, క్లినిక్‌లో ఫోన్ చేసి స్టాకు వచ్చిన రోజే పోవడం మేలు. వారం ఆలస్యమైతే నష్టం తక్కువ. చెడిన టీకా వేయించి నిశ్చింతగా ఉండటంతోనే ముప్పు.

కావలి_పశువైద్యం

గడ్డ సంగతి. క్యాన్సర్ గడ్డ రావడం నిజమే, కానీ చాలా అరుదు, పదివేల డోసులకి ఒకటి స్థాయి. ఆ భయంతో కూనకి టీకా మానేస్తే పాన్‌ల్యుకోపీనియాకి వదిలేసినట్టే. భుజాల మధ్య వేస్తే, గడ్డ వచ్చినప్పుడు పూర్తిగా కోసి తీయడం కష్టం. అందుకే వెనక కాలి కింది భాగంలో, ఒక్కో టీకా ఒక్కో కాలికి వేయమని అడగండి. ఏది ఏ కాలికో కార్డులో రాయించుకోండి. పెద్దపిల్లికి మూడేళ్ల లెక్క పాటించమనడానికి ఇది కూడా ఒక కారణం, అక్కర్లేని సూది ఒకటైనా తగ్గుతుంది.

వేసినచోట చిన్న వాపు రావడం మామూలే, కొన్ని వారాల్లో పోతుంది. మూడు నెలలైనా పోకపోయినా, రెండు సెంటీమీటర్లు దాటినా, వేసిన నెల తర్వాత కూడా పెరుగుతూనే ఉన్నా ముక్క తీసి పరీక్షకి పంపాలి. మూడింటిలో ఒక్కటి కనిపించినా చాలు. కావలి, నెల్లూరులో కుదరకపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

టీకా రోజు: కూన చలాకీగా ఉండి, మేత తింటుంటేనే వేయించాలి. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, మన 98.6తో పోల్చి జ్వరం అనుకోకండి. అది దాటితే వాయిదా వేయండి. కడుపుతో ఉన్న పిల్లికి ఈ త్రీ ఇన్ వన్ వేయకూడదు. ఇందులో బతికున్న వైరస్ ఉంటుంది, కడుపులోని కూనల చిన్నమెదడు దెబ్బతింటుంది. సంచిలోనో గోతంలోనో కాదు, గట్టి ప్లాస్టిక్ బుట్టలో తీసుకెళ్లండి. ఎండాకాలమైతే పొద్దున్నే. క్లినిక్‌లో బుట్టని నేల మీద పెట్టొద్దు, ఒళ్లోనో కుర్చీలోనో పెట్టుకోండి.

వేశాక అరగంట అక్కడే కూర్చోండి. ముఖం వాచడం, వాంతులు, ఎగశ్వాస వస్తే అక్కడే మందు ఇస్తారు. ఇంటికొచ్చాక ఒకరోజు మగతగా ఉండి మేత తగ్గడం మామూలే.

కందుకూరు_మూడుపిల్లులు

ఒళ్లు వేడిగా ఉందని డోలో, క్రోసిన్ ముక్క మాత్రం వేయకండి అమ్మా. పారాసిటమాల్‌ని పిల్లి లివర్ తట్టుకోలేదు, చిన్న ముక్కకే చనిపోతుంది.

వేదాయపాళెం_వరండా

చివరిది. చెప్పుల ద్వారా వస్తుందన్నారు కదా, గుమ్మం దగ్గర రోజూ ఫినాయిల్ వేసి తుడుస్తున్నాం. అది సరిపోతుందా?

కావలి_పశువైద్యం

ఫినాయిల్ ఆపేయండి. ఈ వైరస్ దానికి చావదు. పైగా తడిసిన పాదాలు నాకి పిల్లే విషం తింటుంది. ఇంట్లో వాడే లిక్విడ్ బ్లీచ్ లీటరు నీళ్లకి సుమారు 30 మిల్లీలీటర్లు, ఎప్పటికప్పుడు కలిపింది. ముందు మామూలు నీళ్లు, సబ్బుతో మురికి పోయేలా తుడవాలి, మురికి మీద పోస్తే బ్లీచ్ పనిచేయదు. పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో తుడిచి, ఆరాక పిల్లిని వదలండి. దానిలో ఇంకే ద్రావణమూ, ముఖ్యంగా బాత్‌రూమ్ యాసిడ్ కలపకూడదు, విషవాయువు వస్తుంది. చెప్పులు తలుపు బయటే విడవండి, వీధిపిల్లిని ముట్టుకుంటే కూన దగ్గరికి పోయేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. పదహారో వారం డోసు పడేదాకా ఈ జాగ్రత్త గట్టిగా ఉండాలి.