ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్: కాలేజీ రిసీవర్లను, రన్నింగ్ బ్యాక్‌లను అంచనా వేయడంలో కంబైన్ అంకెలకు ఎంత విలువ ఇవ్వాలి?

కొండాపూర్ ప్రేక్షకుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా కార్యాలయంలో హైదరాబాద్, అమెరికా బృందాలు కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, వారి అసలు ఆటను బట్టి పాయింట్లు లెక్కించే ఒక ఫాంటసీ లీగ్ నడుపుతున్నాయి. ఒకసారి తీసుకున్న ఆటగాడు మనం వదులుకునేదాకా మన జట్టులోనే ఉంటాడు కాబట్టి, కాలేజీ నుంచి వచ్చే కొత్తవారిని ఎంచుకునే రోజే మాకు అన్నిటికంటే ముఖ్యమైనది. చిక్కేమిటంటే, మా నియమాల ప్రకారం ఆ ఎంపిక, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా తీసుకునే అసలు డ్రాఫ్ట్‌కు వారం ముందే జరిగిపోతుంది. ఎవరిని ఏ జట్టు, ఎన్నో స్థానంలో తీసుకుందో తెలియకుండానే మేము నిర్ణయించుకోవాలి.

అమెరికా సహోద్యోగులు చిన్ననాటి నుంచి కాలేజీ ఆటలు చూస్తూ పెరిగినవారు. ఆ ఆటలు మనకు శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలై ఆదివారం ఉదయం దాకా సాగుతాయి కనుక నేను చూసేది కొంతే. అందుకే డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపొలిస్‌లో ఆటగాళ్లకు జరిపే శారీరక పరీక్షల, అంటే కంబైన్ ఫలితాలతో ఒక పట్టిక తయారు చేసుకున్నాను: 40 గజాల పరుగు, నిలువు దూకు, పొడవు దూకు, మలుపుల పరుగు, ఎత్తు, బరువు. అయితే 40 గజాలను 5.28 సెకన్లలో పరిగెత్తి, 2000లో 199వ స్థానంలో ఎంపికైన టామ్ బ్రేడీ గురించి విన్నప్పుడల్లా ఈ పట్టికకు అర్థముందా అనిపిస్తుంది. రిసీవర్లు (విసిరిన బంతిని పట్టేవారు), రన్నింగ్ బ్యాక్‌ల (బంతితో పరిగెత్తేవారు) విషయంలో ఈ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చో అనుభవమున్నవారు చెప్పగలరు.

మారేడ్‌పల్లి గణాంకాలు:

ముందుగా బ్రేడీని పక్కన పెట్టండి. ఆయన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతిని విసిరేవాడు; ఆ స్థానంలో ఆడేవాడు ఎంత వేగంగా పరిగెడతాడన్నది చాలా కాలం ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం. ఆ ఉదాహరణతో రిసీవర్ల పరుగును కొట్టిపారేయడం సరికాదు.

మీ పట్టికలో అసలు లోపం, ప్రతి అంకెనూ ర్యాంకుగా చూడటం. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తి అప్పటికి కంబైన్ రికార్డు సృష్టించాడు, సిన్సినాటి జట్టు అతణ్ణి తొమ్మిదో స్థానంలో తీసుకుంది, మొదటి సీజన్‌లో అతను ఒక్క క్యాచ్ కూడా పట్టలేదు. అదే డ్రాఫ్ట్‌లో 4.62 పరిగెత్తిన కూపర్ కప్ 69వ స్థానంలో వెళ్లి, 2021లో క్యాచ్‌లతో సాధించిన 1,947 గజాలతో లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. దీన్నిబట్టి వేగం అక్కర్లేదని కాదు. వేగాన్ని ఒక గడపగా చూడాలి: గడప దాటినవారిని ఇతర లక్షణాలతో పోల్చాలి, దాటనివారి విషయంలో ఆ లోటును ఏది భర్తీ చేస్తోందో అడగాలి. 4.38కీ 4.44కీ ఉన్న తేడా మీద ఇద్దరిని పైకీ కిందికీ జరపడం వృథా.

రన్నింగ్ బ్యాక్‌ల దగ్గర బరువును, వేగాన్ని విడివిడిగా ఎప్పుడూ చూడకండి. బిల్ బార్న్‌వెల్ ప్రచారంలోకి తెచ్చిన స్పీడ్ స్కోర్ అనే సూత్రం ఉంది: బరువును పౌండ్లలో తీసుకుని 200తో గుణించి, 40 గజాల సమయం నాలుగో ఘాతంతో భాగించాలి. 220 పౌండ్ల ఆటగాడు 4.50లో పరిగెడితే స్కోరు సుమారు 107 వస్తుంది. 195 పౌండ్లవాడు 4.40లో పరిగెత్తినా 104 దగ్గరే ఆగుతాడు. మీ పట్టికలో రెండోవాడు పైన ఉంటాడు. వందకు పైగా కిలోల శరీరాల మధ్యలోంచి దూసుకుపోవలసిన పనికి మాత్రం మొదటివాడే ఎక్కువ పనికొస్తాడు.

గణాంకాలు నేర్చినవారు కూడా తరచు మరచిపోయే సంగతి మరొకటి ఉంది. కంబైన్‌కు పిలుపు అందుకునేది మూడు వందల మందికి కాస్త ఎక్కువ. అంటే బాగా నెమ్మదైనవారు ముందే వడపోతలో పోయారు. మిగిలినవారందరూ వేగవంతులే అయినప్పుడు వారిలో వేగానికీ విజయానికీ సంబంధం చాలా బలహీనంగా కనిపిస్తుంది. వేగం ముఖ్యం కాదనడానికి అది రుజువు కాదు, మనం చూస్తున్న పరిధి ఇరుకైందని అర్థం. దానికి తోడు, ముందు స్థానాల్లో ఎంపికైనవాడికి జట్టు ఎక్కువ అవకాశాలు ఇస్తుంది కాబట్టి పాత డ్రాఫ్టుల ఫలితాలతో సరిచూసుకునేటప్పుడు ఆ పక్షపాతం మీ లెక్కలోకి కూడా వస్తుంది.

కాలేజీ ఉత్పత్తికి మొత్తం గజాలు కాకుండా జట్టులో వాటా చూడండి. జట్టు విసిరిన 2,400 గజాల్లో 900 పట్టినవాడి వాటా 37.5 శాతం, 4,400లో 1,100 పట్టినవాడిది 25 శాతమే. నేను సాధారణంగా మొదటివాడినే పైన పెడతాను.

తార్నాక రాత్రి ఆట:

గణాంకాలు గారూ, మీరు చెప్పినవాటిలో చివరిదాన్ని మాత్రం ఒప్పుకోలేను. వాటా కొలతకు 2019 ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) జట్టు పెద్ద పరీక్ష. క్వార్టర్‌బ్యాక్ జో బరో ఆ సీజన్‌లో 60 టచ్‌డౌన్ (స్కోరు తెచ్చే) పాస్‌లు విసిరాడు. అతని రిసీవర్లలో జామార్ చేజ్ 1,780 గజాలు, జస్టిన్ జెఫర్సన్ 1,540 గజాలు సాధించారు. వాటా లెక్కన చూస్తే జెఫర్సన్ రెండోవాడు, ఎక్కువగా స్లాట్‌లోనే (మైదానం అంచున కాక లోపలి వైపు) ఆడాడన్న ముద్ర మరొకటి. 2020 డ్రాఫ్ట్‌లో అతనికంటే ముందు నలుగురు రిసీవర్లు వెళ్లిపోయారు, అతను 22వ స్థానంలో మిన్నెసోటాకు దక్కాడు. 2022లో 1,809 గజాలతో లీగ్‌లో అందరికంటే ముందున్నది అతనే. పక్కన చేజ్ లాంటివాడు ఉన్నప్పుడు వాటా తగ్గడం ఆటగాడి లోపం కాదు. ఆ కొలతకు అది కనిపించదు.

కనుక కొండాపూర్ గారూ, మీకు సమయం తక్కువని తెలిసినా చెబుతున్నాను: మీ మొదటి పదిహేను పేర్లకైనా రెండేసి ఆటలు పూర్తిగా చూడండి. మెరుపు దృశ్యాలు కట్ చేసి పెట్టే వీడియోలు వద్దు, అందులో అందరూ గొప్పవారే. రిసీవర్ అయితే బంతి తనకు రాని స్నాపుల్లో (ఒక్కో ప్రయత్నంలో) ఏం చేస్తున్నాడో చూడండి. ఎదురుగా తనను కాపలా కాసే కార్నర్‌బ్యాక్ గీత దగ్గరే చేతులు వేసి అడ్డుకున్నప్పుడు ఎలా తప్పించుకుంటున్నాడు, మలుపు తీసుకునే ముందు అడుగులు తగ్గించి తన ఉద్దేశాన్ని బయటపెట్టుకుంటున్నాడా, క్యాచ్‌ను చేతులతో పడుతున్నాడా లేక ఛాతీకి ఆనించుకుంటున్నాడా అన్నవి ఏ గడియారానికీ చిక్కవు. రన్నింగ్ బ్యాక్ అయితే పాస్ రక్షణలో క్వార్టర్‌బ్యాక్ మీదికొచ్చే లైన్‌బ్యాకర్‌ను (ప్రత్యర్థి రక్షకుణ్ణి) గుర్తించి అడ్డుకోగలడా అన్నది చూడండి. ఎంత బాగా పరిగెత్తినా ఆ పని చేతకానివాణ్ణి కోచ్ తరచు పాస్ విసిరే మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) పక్కన కూర్చోబెడతాడు, మీ ఫాంటసీ పాయింట్లు కూడా అక్కడే ఆగిపోతాయి.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మనకు ఇక్కడొక తేడా వెంటనే తట్టదు. వేలానికి వచ్చేవారిలో ఎక్కువమంది రంజీలోనో అంతర్జాతీయ ఆటల్లోనో ఆరితేరినవారిని ఎదుర్కొని ఉంటారు. డ్రాఫ్ట్‌కు వచ్చే కుర్రవాడు ఒక్క ప్రొఫెషనల్‌తో కూడా తలపడి ఉండడు, కాబట్టి ప్రత్యర్థి ఎవరన్నది చూసి ఆటలు ఎంచుకోండి. బలహీన జట్టు మీద సాధించిన రెండు వందల గజాల కంటే, తర్వాత తానూ డ్రాఫ్ట్ కాబోయే కార్నర్‌బ్యాక్ మీద పట్టిన నాలుగు క్యాచ్‌లు ఎక్కువ చెబుతాయి.

నల్లకుంట పాఠకురాలు:

వయసు గురించి ఎవరూ ప్రస్తావించలేదు. హైస్కూల్ ముగిసి మూడేళ్లయితే డ్రాఫ్ట్‌కు అర్హత వస్తుంది. కోవిడ్ కారణంగా 2020 సీజన్‌ను అర్హత లెక్కలోంచి మినహాయించడం, తర్వాత కళాశాల మారడం సులభం కావడం వల్ల ఇటీవలి డ్రాఫ్టుల్లో 23, 24 ఏళ్లవారు బాగా పెరిగారు. పందొమ్మిదేళ్ల పిల్లల మీద ఇరవై మూడేళ్లవాడు ఆధిపత్యం చూపడంలో ఆశ్చర్యమేమీ లేదు. చివరి సీజన్ గజాలు చూసే ముందు, అతను పందొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో ఏం చేశాడో చూడండి. ఆ వయసుకే పెద్దవారి మధ్య చోటు సంపాదించినవాడి మీద నాకు నమ్మకం ఎక్కువ.

కొండాపూర్ ప్రేక్షకుడు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. వయసు కోసం ఒక నిలువు వరుస చేర్చాను, ఆటలు చూడవలసిన పేర్ల జాబితా రాసుకున్నాను. ఒక సందేహం మిగిలింది. కొందరు అగ్రశ్రేణి ఆటగాళ్లు కంబైన్‌లో అసలు పరిగెత్తరు, తమ కళాశాలలో జరిగే ప్రో డే దాకా ఆగుతారు, కొందరు అక్కడా పరిగెత్తరు. ఆ గడిలో ఏం నింపాలి?

మారేడ్‌పల్లి గణాంకాలు:

ఖాళీగానే ఉంచండి, సున్నా గానీ, సగటు గానీ నింపకండి. 2024లో మార్విన్ హారిసన్ జూనియర్ ఏ పరీక్షలోనూ పాల్గొనకుండానే అరిజోనాకు నాలుగో స్థానంలో ఎంపికయ్యాడు. ఆ స్థాయివాడికి పరిగెత్తడం వల్ల వచ్చే లాభం లేదు, నష్టమే ఉండవచ్చు. కింది స్థాయి ఆటగాడు పరుగు తప్పించుకుంటే మాత్రం గాయమా, భయమా అని వాకబు చేయడం మంచిది. ప్రో డే సమయాలు తరచు చేతి గడియారంతో, సొంత మైదానంలో తీసినవి కనుక వాటిని కంబైన్ సమయాలతో ఒకే వరుసలో కలపకుండా వేరే రంగులో నమోదు చేసుకోండి. రెండిటినీ పోల్చవలసి వస్తే ప్రో డే సమయానికి కొన్ని వందో వంతుల సెకన్లు కలిపి చూసుకోవచ్చు. రాత్రి ఆట గారు జెఫర్సన్ గురించి చెప్పింది న్యాయమే. ఒకే జట్టు నుంచి ఇద్దరు రిసీవర్లు మీ జాబితాలో ఉంటే, వాటా లెక్కను ఆ ఇద్దరికీ వాడకండి.