అలాస్కాకు పెద్ద ఓడా, చిన్న ఓడా? అమ్మానాన్నలతో వెళ్లేవారు చెప్పండి

రెడ్మండ్ రాత్రిపక్షి
వచ్చే జూన్‌లో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాన్న మాంసం ముట్టరు. పిల్లలిద్దరికీ పదేళ్ల లోపే. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఏడు రాత్రుల యాత్ర అనుకుంటున్నాం. కెనడా వీసా గొడవ ఉండదని సియాటిల్ ఎంచుకున్నాం. నాలుగు వేల మంది పట్టే నార్వేజియన్ బ్లిస్ లాంటి ఓడ అయితే పిల్లలకు కాలక్షేపమని మా ఆవిడ అంటుంది. హాలండ్ అమెరికా వారి రెండు వేల మంది ఓడ చాలని నా అభిప్రాయం. అరవై మంది ఎక్కే ఓడలో తప్ప అలాస్కా కనిపించదని మా తమ్ముడి వాదన. ఇంట్లో తేలడం లేదు, మీరు తేల్చండి.

తిమింగలాల వేటలో
మీ తమ్ముడిదే సరైన మాట. లిండ్‌బ్లాడ్ కంపెనీ వారి సీ బర్డ్ అనే చిన్న ఓడలో ప్రయాణికులు 62 మందే. తిమింగలం కనబడితే కెప్టెన్ ఓడ ఆపేస్తాడు, షెడ్యూలు కూడా మార్చుకుంటాడు. పెద్ద ఓడకు ఆ వీలు లేదు, సాయంత్రానికి రేవు చేరాలి. పైగా చిన్న ఓడలోంచి రబ్బరు పడవ దింపి, మనుషులెవరూ లేని ఒడ్డుకు తీసుకెళ్తారు. పదహారో అంతస్తు బాల్కనీలోంచి ఎలుగుబంటిని చూస్తే నల్ల చుక్క కనిపిస్తుంది, అంతే.

ఫ్రిస్కో అత్తగారు
నాయనా, మోకాళ్ల నొప్పులున్న మనిషిని రబ్బరు పడవలోకి దింపుతావా? సీ బర్డ్‌లో లిఫ్టే లేదు. భోజనాల గది ఒక అంతస్తులో, పడక గది మరో అంతస్తులో ఉంటే ఆవిడ రోజుకు ఎన్నిసార్లు మెట్లెక్కాలి? ఒక్కొక్కరికి వారానికి వేల డాలర్లు పోసి, ఆవిడను గదిలో కూర్చోబెట్టి వస్తారు. దారిలో ఓడలు ఆగే కెచికన్ ఊళ్లో ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. వాన పట్టిన రోజున పిల్లలకు ఈత కొలను, నాటకాలు, పెద్దవాళ్లకు కూర్చోవడానికి చోటు, ఏదైనా అయితే వైద్యుడు, అన్నీ పెద్ద ఓడలోనే ఉంటాయి. రాత్రి భోజనానికి ముందురోజే చెబితే పప్పు, కూర, రొట్టె వండి పెట్టారు మాకు. ఆవకాయ సీసా మాత్రం నేనే తీసుకెళ్లాను.

తిమింగలాల వేటలో
ఈత కొలను కోసమైతే అలాస్కా దాకా ఎందుకండీ, ఫ్రిస్కోలోనే ఉంది కదా.

ఫ్రిస్కో అత్తగారు
ఉంది. దాని పక్కన మంచుకొండ లేదు.

ఆంకరేజ్ వాసి
ఇద్దరూ ఓడ గురించే వాదిస్తున్నారు. ఆ ఓడ ఏ మంచు దగ్గరికి వెళ్తుందో ఎవరూ అడగలేదు. నేనైతే ముందు అదే చూస్తాను.

గ్లేసియర్ బే జాతీయ ఉద్యానంలోకి రోజుకు రెండే పెద్ద ఓడలను అనుమతిస్తారు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, నార్వేజియన్ కంపెనీలు చాలా కాలంగా అక్కడికి ఓడలు నడుపుతున్నాయి. అయితే ఒకే కంపెనీలో కొన్ని యాత్రలు అక్కడికి వెళ్తాయి, కొన్ని వెళ్లవు. టికెట్టు కొనేముందు ఆ పేరు కార్యక్రమంలో ఉందో లేదో చూడండి. ఉంటే ఆ రోజంతా ఓడ ఎక్కడా ఆగకుండా ఆ ఉద్యానంలోనే తిరుగుతుంది. పొద్దున్నే ఉద్యానం సిబ్బంది (రేంజర్లు) పడవలో వచ్చి ఎక్కుతారు, మైకులో వివరిస్తూ ఉంటారు. మార్జరీ హిమానీనదం ముందు ఓడ చాలాసేపు నిలబడి, మెల్లగా చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఏ వైపు గది ఉన్నా కనిపిస్తుంది. మంచు పెళ్ల విరిగి నీళ్లలో పడటం ముందు కంటికి కనబడుతుంది, చప్పుడు ఆ తరువాత వస్తుంది. మీ అమ్మగారు కుర్చీలోంచి లేవకుండానే ఇది చూడవచ్చు. హాలండ్ అమెరికా ఓడల్లో అప్పుడు డెక్ మీద వేడివేడి బఠాణీ సూపు పంచే ఆనవాయితీ ఉంది. అందులో మాంసం కలిపి ఉండవచ్చు, నాన్నగారికి అడిగి తీసుకోండి.

గ్లేసియర్ బే లేని యాత్రలు హబ్బర్డ్ హిమానీనదానికో ఎండికాట్ ఆర్మ్‌కో వెళ్తాయి. హబ్బర్డ్ మంచు గోడ దాదాపు పది కిలోమీటర్ల వెడల్పు, అదీ గొప్పదే. ఎండికాట్ సన్నటి ఫియర్డ్, అంటే నిటారు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. తేలుతున్న మంచు ఎక్కువైతే పెద్ద ఓడ దూరంలోనే ఆగిపోతుంది, దగ్గరికి వెళ్లాలంటే అదనపు డబ్బు కట్టి చిన్న పడవ ఎక్కాలి. ఇంతకుముందు చాలా ఓడలు పక్కనున్న ట్రేసీ ఆర్మ్‌కు వెళ్లేవి. 2025 ఆగస్టులో అక్కడ కొండచరియ విరిగి నీళ్లలో పడి పెద్ద కెరటం లేచాక, కంపెనీలు ఎండికాట్‌కు మళ్లాయి.

ఇక జనం సంగతి. ఈ ఓడలు ఆగే అలాస్కా రాజధాని జూనో జనాభా దాదాపు 32,000. 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలే రావాలని నగరం కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. 2026 నుంచి వచ్చే ఓడలన్నిటిలో కలిపి ప్రయాణికుల పడకలు రోజుకు 16,000, శనివారాల్లో 12,000 మించకూడదన్నది రెండో ఒప్పందం. అంటే ఊరి జనాభాలో సగానికి సమానమైనంత మంది ప్రయాణికులు ఒకేరోజు దిగవచ్చు. వెయ్యి మంది పైచిలుకు ఉండే స్కాగ్వే అనే మరో రేవు ఊళ్లో నాలుగు ఓడలు ఆగిన రోజు వీధి తిరునాళ్లలా ఉంటుంది. మీరు రెండు వేల మంది ఓడలో వచ్చినా ఆ గుంపులోనే నడుస్తారు. కాబట్టి మీ ఓడ ఎంత పెద్దదన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ రోజు ఆ రేవులో ఇంకెన్ని ఓడలున్నాయో కూడా చూడండి. రేవుల షెడ్యూళ్లు ముందే బయటికి వస్తాయి. నార్వేజియన్ వారి ఓడలు కెచికన్‌లో సాధారణంగా ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, వార్డ్ కోవ్ రేవులో ఆగుతాయి. బస్సు ఎక్కి ఊళ్లోకి రావాలి, ఆ సమయమూ లెక్కలో వేసుకోండి.

ఇంకొకటి. సియాటిల్ ఎంచుకుంటే కెనడా వీసా తప్పుతుందని ఎవరు చెప్పారు?

రెడ్మండ్ రాత్రిపక్షి
తప్పదా? ఓడ అమెరికాలో బయలుదేరి అమెరికాకే వస్తుంది కదండీ.

ఆంకరేజ్ వాసి
1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా కట్టుకున్న ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని అమెరికా రేవులు తిప్పితే, మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలి. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ యాత్రల్లో చాలావరకు చివరి సాయంత్రం విక్టోరియాలో ఆగుతాయి. అది కెనడా. భారతీయ పాసుపోర్టు మీద వచ్చిన పర్యాటకులకు వీసా కావాలి.

తిమింగలాల వేటలో
సీ బర్డ్ అమెరికా జెండా ఓడ. ఆ గొడవే లేదు.

ఫ్రిస్కో అత్తగారు
గొడవ లేదు, లిఫ్టూ లేదు.

సర్రే సుబ్బి
వీసా ఎలాగూ తీసుకుంటున్నప్పుడు వ్యాంకూవర్ నుంచే ఎక్కండి. రెడ్మండ్ నుంచి కారులో సుమారు మూడు గంటలు. సియాటిల్ ఓడలు వ్యాంకూవర్ దీవికి పడమటి వైపు, బహిరంగ సముద్రంలో వెళ్తాయి, ఊపు ఉంటుంది. వ్యాంకూవర్ ఓడలు దీవికి తూర్పున, రెండు ఒడ్ల మధ్య వెళ్తాయి. పొద్దున లేచేసరికి కిటికీ పక్కన అడవి ఉంటుంది. కడుపులో తిప్పే అలవాటున్న పెద్దవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు.

రెడ్మండ్ రాత్రిపక్షి
అయితే వ్యాంకూవర్ నుంచి, గ్లేసియర్ బే ఉన్న యాత్ర, రెండు మూడు వేల మంది ఓడ. బ్లిస్‌లో ఉన్నట్టు చిన్న కార్ల పందెం (కార్ట్ రేసింగ్) లేదని పిల్లలు ముఖం ముడుచుకుంటారు, మా ఆవిడను ఒప్పించాలి. తమ్ముడిని వేరేగా చిన్న ఓడ ఎక్కమంటాను, ఖర్చు వాడిదే.

సర్రే సుబ్బి
అమ్మానాన్నలు హైదరాబాదు వెళ్లి కెనడా వీసాకు వేలిముద్రలు ఇచ్చి రావాలి. అమెరికా విమానం టికెట్లు కొన్నాక మొదలుపెట్టవద్దు, ముందే పెట్టండి.