వీధి పనుల్లోనే స్కేట్‌బోర్డుకు ఓ మూల అడగొచ్చా?

కాలనీ_నాన్న: మా వీధిలో డ్రైనేజీ, ఫుట్‌పాత్ పనులు మొదలయ్యాయి. పార్కు గోడ పక్కన, ట్రాన్స్‌ఫార్మర్ దాటాక 20 అడుగుల జాగా మిగులుతోంది. మా అమ్మాయికి పదకొండేళ్లు, గేటు ర్యాంప్ మీదే బోర్డు నేర్చుకుంటోంది. బైకులు దూసుకొస్తుంటే నాకు టెన్షన్. నున్నటి కాంక్రీటు, ఒక అరుగు చాలు. ఖర్చెంత? దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

విశాఖ_రింక్: స్కేటింగ్‌కి రింక్ కావాలండీ, అరుగులు కాదు. మా పిల్లలిద్దరూ వుడా పార్కు రింక్‌లోనే నేర్చుకున్నారు. 2023 ఆసియా క్రీడల్లో రిలేలో మనకి రెండు కాంస్యాలొచ్చాయి.

చెక్క_చక్రం: అది రోలర్ స్కేటింగ్! ఆయన అడిగింది స్కేట్‌బోర్డు. అరుగు, మెట్టు, వాలు, ఇవే దానికి మైదానం. ప్రతిసారీ ఇదే గొడవ. నేను ఊళ్లో ఎవర్ని అడిగినా రింక్‌కి పొమ్మన్నారు, అక్కడేమో బోర్డు రానివ్వలేదు.

విశాఖ_రింక్: రింక్‌లో బోర్డు వదిలితే కాళ్లకి తగులుద్ది, అందుకే రానివ్వరు. పతకాలొచ్చే ఆటకే చోటు లేదు.

చెక్క_చక్రం: పతకాలా? టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డు మహిళల స్ట్రీట్ పోటీలో స్వర్ణం గెలిచిన మొమిజి నిషియాకి 13 ఏళ్లు. ఆ ఆట పేరే వీధి.

రెండో_అంతస్తు: మా సెల్లార్‌లో సాయంత్రం నాలుగు నుంచి టక్కుటక్కున బోర్డు చప్పుడే. మా అత్తగారికి కంటి ఆపరేషన్ అయిన వారం ఎంత బతిమాలినా వినలేదు. కిటికీల కింద మాత్రం కట్టించకండి, దండం పెడతా.

సైటు_ఇంజనీరు: 22 ఏళ్లుగా రోడ్ల పనిలో ఉన్నాను, వినండి. ఫుట్‌పాత్‌కి వేసే పేవర్ బ్లాకులు ఆ మూలకి వద్దు. చక్రం ఐదు సెంటీమీటర్లే, సందుల్లో కొట్టుకుని పిల్ల బోర్లా పడుతుంది. అంతా ఒకే పోతగా కాంక్రీటు పోసి ట్రోవెల్‌తో నున్నగా తీయించండి. నీళ్లు నిలవకుండా వంద అడుగులకి అడుగు వాలు. అరుగు అంచుకి ఎల్ యాంగిల్, అంటే ఎల్ ఆకారపు ఇనుప పట్టీ పెట్టండి, లేకపోతే నెలకే పెచ్చులూడుతుంది. పోతకి ముందే దాన్ని లోపలి చువ్వలకి వెల్డింగ్ చేయించాలి, తర్వాత బోల్టులు కొడితే ఊగుతుంది.

సియాటిల్_అమ్మ: ఇక్కడ నగరం 2007లోనే స్కేట్‌పార్కుల ప్రణాళిక వేసింది. అందులో అన్నిటికంటే చిన్నవాటి పేరు స్కేట్‌డాట్. పెద్ద పార్కు దాకా కారులో దింపాలి, డాట్ అయితే పిల్లలే నడిచి వెళ్తారు. పోర్ట్‌లాండ్‌లో 1990లో బర్న్‌సైడ్ వంతెన కింద కుర్రాళ్లే సిమెంటు కలిపి కట్టేసుకున్నారు, నగరం తర్వాత ఒప్పుకుంది.

రెండో_అంతస్తు: అమెరికా సంగతులు మన సందులకి పనికిరావు.

చెక్క_చక్రం: మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో జన్వార్ అనే పల్లె ఉంది. 2015 నుంచి అక్కడ స్కేట్‌పార్కు ఉంది. అది అమెరికానా?

విశాఖ_రింక్: హెల్మెట్ సంగతి ఒక్కరూ ఎత్తరేం? మా వాడికి మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. ఏ చక్రమైనా గార్డులు లేకుండా దించకండి.

కాలనీ_నాన్న: ఖర్చు ఎవరూ చెప్పలేదు గానీ, పేవర్ బ్లాకుల లారీ పొద్దున్నే దిగిపోయింది. మేస్త్రీని బతిమాలితే ఆ మూల శుక్రవారం దాకా ఆపుతానన్నాడు. కిటికీలు అవతలి వైపున్నాయి, రెండో అంతస్తు గారూ. సైటు ఇంజనీరు గారూ, అరుగు ఎత్తు అడుగు చాలా, అడుగున్నరా?

సైటు_ఇంజనీరు: నేర్చుకునే పిల్లకి అడుగు చాలు. పోతరోజు నాకు ఫోటో పెట్టండి.